తీపి జొన్న రొట్టె

సాయంత్రం ఆరు దాటగానే బోయిగూడలో ఒక సందు చప్పట్లు కొట్టడం మొదలుపెడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఏదో వేడుక జరుగుతోందనుకుని ఆగి చూస్తారు. వేడుకేమీ ఉండదు. రేకుల పంచ కింద పీట మీద కూర్చుని నూర్‌బీ జొన్నరొట్టెలు చేస్తుంటుంది. ఒక్కో దెబ్బకు పిండిముద్ద ఒక వేలెడు వెడల్పవుతుంది. పెంక మీద పడ్డాక తడిగుడ్డతో పైన ఒక్క తుడుపు తుడుస్తుంది. సుయ్‌మని ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిలో తొలి వాన పడ్డ చెలక వాసన ఉంటుంది. సందులో వాళ్లకు అది రొట్టె వాసన. నూర్‌బీకి మాత్రం అది మల్లుపల్లి.

మల్లుపల్లి మెదక్ దిక్కున ఉన్న చిన్న ఊరు. పంతొమ్మిదో ఏట సుభాన్‌ను పెళ్లి చేసుకుని ఆమె ఆ ఊరి నుంచి సికింద్రాబాద్ వచ్చింది. సుభాన్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పెట్టెలకు రంగులు వేస్తాడు. ఏ రంగు వేసిన రోజు ఆ రంగు చుక్కలు గడ్డంలో పెట్టుకుని ఇంటికొస్తాడు. నీలం చుక్కల రోజుల్లో అతను హుషారుగా ఉంటాడని, పసుపు చుక్కల రోజుల్లో కాస్త గొణుగుతాడని నూర్‌బీ లెక్క.

మొదట్లో ఆమె రొట్టెలు ఇంటి వరకే. తర్వాత వీధి చివరి డాక్టరు షుగర్ ఉన్నవాళ్లందరికీ రాత్రిపూట అన్నం మానెయ్యమని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరి వెంట ఒకరు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. పల్లెలో బియ్యం దొరకనివాళ్లు తినే రొట్టె, పట్నంలో బియ్యం వద్దన్నవాళ్ల తిండి అయింది. ఆ తమాషా తలచుకుని నూర్‌బీ చాలా రోజులు తనలో తను నవ్వుకుంది.

ఆమెకొక పట్టుదల ఉంది. ఏ రోజు పిండి ఆ రోజే పట్టించాలి. రోజూ పొద్దున డబ్బా నెత్తిన పెట్టుకుని పర్వతాలు గిర్నికి పోతుంది. గిర్ని నడిపే పర్వతాలు కనుబొమల మీద కూడా పిండి పేరుకుపోయిన మనిషి.

"దినాం గింత గింత తెచ్చి నా పానం తీస్తవేంది వదినా? నెలకు సరిపోను ఒక్కపారే పట్టిచ్చుకోరాదు?" అంటాడు.

"నువ్వు దినాం తానం జేస్తవా, నెలకోపారి జేస్తవా?"

"నేనా? పండుగ పండుక్కు."

"కనవడ్తనే ఉన్నది. పట్టు."

ఆమె అక్క బానో మాత్రం మల్లుపల్లిలోనే ఉండిపోయింది. రెండెకరాల ఎర్రమట్టి చెలక, రెండు బర్రెలు, ముప్పై మంది ఆడవాళ్ల సంఘం, ఊరంతా వినబడే గొంతు ఆమె ఆస్తి. కిందటి ఎండాకాలం పనుల్లేక ఆ సంఘంలోంచి పదకొండు మంది యాప్రాల్‌లో లేస్తున్న కొత్త ఇళ్లకు ఇటుకలు మోయడానికి వచ్చారు. వాళ్లలో బానో కూడా ఉంది. నూర్‌బీ రొట్టెల మూట పట్టుకుని చూడబోయింది. మూడో అంతస్తు మెట్ల మీద, నెత్తిన పన్నెండు ఇటుకలతో, దుమ్ములో దుమ్ములా కనిపించింది అక్క. కిందికి దిగివచ్చి, "ఏందే, మొఖం అట్ల పెట్టినవ్? మేడెక్కిన గద, సూడు!" అని నవ్వింది. ఆ నవ్వు నూర్‌బీ గుండెలో చాలా కాలం ముల్లులా కదిలింది.

ఆ వానాకాలమే మల్లుపల్లికి తీపి జొన్న వచ్చింది. మారేడుపల్లిలో ఆఫీసున్న ఒక స్వచ్ఛంద సంస్థ విత్తనాలు పంచింది. ఈ సంస్థ వెనక రోమ్ నగరం నుంచి నడిచే ఒక అంతర్జాతీయ కార్యక్రమం ఉంది. ఆ పంట సంగతి అక్క ఫోన్లో చెబితే నూర్‌బీకి కథలా అనిపించింది. కంకి జొన్న కంకే, గింజ రొట్టెకు పనికొస్తుంది. కర్ర మాత్రం చెరుకులా తియ్యగా ఉంటుంది. కర్రలోంచి రసం తీసి పాకం కాస్తే, ఆ పాకం నుంచి పెట్రోల్లో కలిపే స్పిరిట్ తీస్తారట. పిప్పి బర్రెలకు.

"ఒక్క కర్రకే ముగ్గురు బతుకుతరే," అంది బానో. "పైన మేము, నడుమ మోటరు బండి, కింద బర్రె."

తమాషా ఏమిటంటే, ఆ మారేడుపల్లి ఆఫీసులో పనిచేసే కాంతమణి నూర్‌బీ దగ్గర రోజూ నాలుగు రొట్టెలు తీసుకుపోయే మనిషే. తెనాలి నుంచి ఇక్కడికి కాపురానికొచ్చి ముప్పై ఏళ్లయింది. ఆఫీసులో టైపు కొట్టడం, అతిథులకు టీలు చూడటం, ఇంగ్లీషు దొరలకు తెలుగు మాటలు, తెలుగు ఆడవాళ్లకు ఇంగ్లీషు మాటలు చెప్పడం అన్నీ ఆవిడే. ఇంట్లో భర్త యెషయా గారికి షుగరు. జాబితాలో మల్లుపల్లి పేరు చూసి, "మీ అక్కగారి ఊరు మా ఫైల్లోకి ఎక్కిందమ్మోయ్!" అని ఆవిడే మొదట చెప్పింది. ఆ రోజు నూర్‌బీ ఐదో రొట్టె ఊరికే ఇచ్చింది.

అలాంటి కాంతమణి, 2008 మార్చిలో ఒకరోజు, ఎప్పటిలా రాత్రి ఎనిమిదింటికి కాకుండా మధ్యాహ్నం నాలుగింటికే వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ పొట్లం. ముఖం వాడిపోయి ఉంది.

"పొయ్యి వెలిగించావా నూర్‌బీ?"

"ఇంకా రాజెయ్యలేదమ్మా. ఏందీ, ఇంత జల్ది వచ్చిన్రు? సారుకు మంచిగ లేదా?"

"ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు. మీ మల్లుపల్లికే బాగాలేదు."

పీట మీద కూలబడి విషయం చెప్పింది. రోమ్ కార్యక్రమం వాళ్లు ఇద్దరు వచ్చారు. మార్కో అని ఒక పొడుగాటాయన, అమీనా అని సూడాన్ దేశపు ఆవిడ. మల్లుపల్లి సంఘానికి రసం తీసే మిషను ఇవ్వాలా వద్దా అన్నది రేపు తేలిపోతుంది. వాళ్లది ఒకటే షరతు. బండ్లకు తాగించడానికి మనుషుల నోటికాడి తిండి తియ్యకూడదు. ఆ ఏడాది లోకమంతా తిండిగింజల ధరలు మండిపోతున్నాయి కదా, ఆ విషయంలో చాలా గట్టిగా ఉన్నారు. తీపి జొన్న గింజను జనం నిజంగా తింటుంటే సరే. తినకపోతే ఆ పొలాన్ని తిండికి దూరమైన పొలం కింద రాసేస్తారు. మిషను ఉండదు.

"తింటున్నమని అక్కోళ్లు కాగితాల మీద రాసియ్యలేదా?"

"రాసిచ్చారమ్మా, ముప్పై మందీ. మిషను కావాలంటే ఎవరైనా అలాగే రాస్తారు కదా అంటాడు ఆ మార్కో. సరే, రుచి చూపిద్దామని ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో ఆ పిండితో రొట్టెలు చేయించాం. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పెంక మీద నిలవలేదు. ముక్కలు. ఆ ముక్కలు కూడా అట్టలే. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ సూడాన్ ఆవిడ నమిలి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నాకు మరీ భయమేసింది."

యాప్రాల్ మెట్లు, పన్నెండు ఇటుకలు నూర్‌బీ కళ్ల ముందు కదిలాయి. వెంటనే పొయ్యి రాజేసింది. నీళ్లు మరిగించి పొట్లంలోని పిండి తడిపింది. బాగా మర్దించి ముద్ద చేసింది. మొదటి దెబ్బకే ముద్ద అంచులు ఎండిన చెరువు మట్టిలా పర్రెలు విచ్చాయి. రెండో దెబ్బకు సగం విరిగి ఒళ్లో పడింది. ఇరవై ఏళ్లలో ఆమె చేతులు అలా ఓడిపోవడం అదే మొదటిసారి. చేతుల వంక తనే పరాయిదానిలా చూసుకుంది.

తర్వాత చిటికెడు పొడి పిండి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుక మీద వేసుకుంది. ముఖం చిట్లించింది.

"ఎప్పుడు పట్టిచ్చిన్రు దీన్ని?"

"లేబుల్ మీద ఉంది చూడు. నవంబరు ఇరవై. పంట రాగానే మొత్తం ఒక్కసారే పెద్ద మిల్లులో ఆడించాం. అందరికీ ఒకటే రకం పిండి ఉండాలని. లేబుళ్లన్నీ నేనే అంటించాను," అంది కాంతమణి కాస్త గర్వంగా.

"నాలుగు నెలలా!"

"ఇంకా నిండలేదు."

"లేబుల్ మస్తుగున్నదమ్మా. పిండే సచ్చిపోయింది."

కాంతమణి నోరు తెరిచింది. "గోధుమపిండి డబ్బాలో ఎన్నాళ్లు పోసినా ఉంటుంది కదే?"

"అది గోధుమ. ఇది జొన్న. గింజ లెక్క ఉన్నన్ని దినాలు బతికే ఉంటది. పిండైనంక వారం పది దినాలే దాని జిగట. తర్వాత ఎవలు సుత రొట్టె చెయ్యలేరు, నేను సుత. గింజ తప్పు కాదు. మీ పొట్లం తప్పు."

"అయ్యో ప్రభువా! అంత అందంగా ప్యాక్ చేశామే!" అంది కాంతమణి. మరుక్షణం ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఉపాయం కూడా వచ్చింది. ఆఫీసులో గింజలేమీ మిగల్లేదు. మల్లుపల్లి నుంచి తెప్పించాలి. పొద్దున పట్టించి, పది గంటలకు వాళ్లిద్దరినీ ఇక్కడికే తీసుకొచ్చి, వేడివేడిగా పెట్టాలి. ఆఫీసుకు రమ్మంటే నూర్‌బీ ఒప్పుకోలేదు. తన పొయ్యి, తన పెంక తనతో రావని చెప్పింది.

బానోకు ఫోన్ చేసింది. "అక్కా, రేపు మొదటి బస్సుకు రా. తీపి జొన్నలు తే. రెండు మూడు కిలోలు చాలు. బయటి దేశపోళ్లు రొట్టె తిననీకి మనింటికొస్తున్రు."

"మనింటికా! ఎంతమంది?"

"ఇద్దరు."

"ఇద్దరికి రెండు కిలోలేందే, ఇజ్జత్ తీస్తవా? అయిదు కిలోలు తెస్త," అని ఫోన్ పెట్టేసింది బానో.

అప్పుడే పని నుంచి వచ్చిన సుభాన్ సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు. ఆ రోజు చుక్కలు నీలం. "ఇగ రోమోళ్లకు రొట్టెలు నేర్పిస్తవన్న మాట. రేపు నా సద్ది ఎవలు కడ్తరు మరి?"

"రోమోళ్లను అడుగు," అంది నూర్‌బీ.

మర్నాడు పొద్దున ఏడున్నరకు, జూబ్లీ బస్టాండు నుంచి ఆటోలో దిగింది బానో. చంకలో గోనె సంచి, భుజాన పాత చీరముక్కలో కట్టిన చిన్న మూట. దిగుతూనే ఆటో అతనికి మల్లుపల్లి గొంతుతో ఏదో బుద్ధి చెప్పింది. సందులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఇంట్లోకి వచ్చి చిన్న మూటను మంచం కిందికి తోసింది.

"అదేంది?"

"నా సద్దే. ఉండనీ. ముందు గిర్నికి పోదాం పా."

వాళ్ల కోసం పర్వతాలు గంట ముందే షట్టరు ఎత్తాడు. రాళ్లకు అంటిన గోధుమ పోయేందుకు గుప్పెడు జొన్నలు ముందు తిప్పి పారబోశాడు. బానో సంచి విప్పి మిషన్ మీద బోర్లించింది. గింజలు జలజలా జారాయి. లావుగా, తెల్లగా, ముత్యాల్లా నిగనిగలాడుతున్నాయి. సగం దాకా ఆనందంగా చూస్తూ నిలబడ్డ నూర్‌బీ ఉన్నట్టుండి ఉలిక్కిపడింది. పంట కోసిన కొత్తలో అక్క చూడమని దోసెడు తీపి జొన్నలు పంపింది. అవి చిన్నవి. కొంచెం ఎర్రజీర ఉన్నవి.

"అక్కా! ఇవి ఏం జొన్నలు?"

"తెల్లజొన్నలు. నల్లరేగడివి. మొన్ననే కోసినం, కొత్తయి," అంది బానో మురిసిపోతూ.

"తీపి జొన్నలు తెమ్మంటి గద!"

"తెమ్మంటివి. నేనేమన్న సెవిటిదాన్నా? కానీ ఎట్ల తెస్తనే? సముద్రాలు దాటి వచ్చిన సుట్టాలకు మనం దినాం తినేది పెడ్తమా? ఇంట్ల ఇంత మంచియి ఉండంగ! సంఘమోళ్లు సుత అదే అన్నరు. తలా గిద్దెడు పోసిన్రు. దీన్ల ముప్పై ఇండ్ల జొన్నలున్నయి."

నూర్‌బీ గోడకానుకుంది. కోపం రావాలి. రాలేదు. ముప్పై మంది ఆడవాళ్లు, చీకటి విడకముందే, తమ కుండల్లోంచి మేలైన గింజ ఏరి తెచ్చి ఈ సంచిలో పోయడం కళ్లకు కట్టింది. వాళ్లను ఏమనగలదు?

"పట్టాల్నా, ఆపాల్నా?" అన్నాడు పర్వతాలు.

"పట్టు," అంది బానో. తర్వాత చెల్లెలి చెవిలో గుసగుసలాడింది. బానో గుసగుస కాబట్టి పర్వతాలుకు కూడా వినబడింది. "వాళ్లకేం తెలుస్తదే? జొన్న జొన్నే. మంచి రొట్టె తింటరు, మంచిగ రాస్కుంటరు. మిషను వస్తది."

పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని తిరిగొస్తున్నంతసేపూ ఆ మాట నూర్‌బీ చెవిలో తిరుగుతూనే ఉంది. పిండి ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం చుట్టకుదురు దాటి మాడుకు తగులుతోంది. నిజమే. ఈ పిండితో చేస్తే రొట్టె పువ్వులా వస్తుంది. ఎవరికీ తెలియదు. కాంతమణికి కూడా తెలియదు. మెదక్ బస్సు మళ్లీ వెళ్లి తిరిగొచ్చే సమయం లేదు. ఒక్క మాట మింగేస్తే ఈ ఎండాకాలం అక్క నెత్తిన ఇటుకలుండవు.

పదింటికి కారు వీధి మొదట్లోనే ఆగిపోయింది. సందులోకి పట్టలేదు. ముందు కాంతమణి, వెనక ఇద్దరూ నడిచొచ్చారు. మార్కో పంచ కింద వంగబోయి రేకుకు తల కొట్టుకుని, నొప్పి దాచుకుంటూ నవ్వాడు. అమీనా నిండు నారింజరంగు వస్త్రం తల మీదుగా చుట్టుకుంది. లోపలికి వస్తూ, "అస్సలాము అలైకుమ్" అంది.

నూర్‌బీ ఒక్క క్షణం తడబడి, "వాలైకుమ్ సలామ్" అంది. సముద్రాల అవతలి నుంచి వచ్చిన మనిషి నోట తన ఇంటి పలకరింపు వినేసరికి, ఆమెతో అబద్ధం ఆడటం ఒక్కసారిగా మరింత కష్టమైపోయింది.

రొట్టె చేయడం మొదలుపెట్టింది. వేడినీళ్లు, పిండి, మర్దన. చప్పట్లు. సందు పొద్దునే మోగడం విని పిల్లల తల్లులు గుమ్మాల్లోకి వచ్చారు. ముద్ద ఎక్కడా పర్రె విచ్చలేదు. పెంక మీద పడి, తడిగుడ్డ తాకి, బోర్లబడి, మెల్లగా ఊపిరి పీల్చుకున్నట్టు పొంగింది. ఇత్తడి పళ్లెంలో పెట్టి అందించింది. మార్కో ముక్క తుంచి తిన్నాడు. ముఖం వికసించింది. అమీనా కళ్లు మూసుకుని నమిలింది. మార్కో జేబులోంచి పుస్తకం తీశాడు, కలం విప్పాడు.

"అమ్మా," అంది నూర్‌బీ. "సారును రాయొద్దని చెప్పు."

"ఏం?"

"ఇది తీపి జొన్న కాదు."

వెనక నుంచి బానో చెయ్యి ఆమె కొంగు పట్టి గట్టిగా గుంజింది. నూర్‌బీ కదల్లేదు. తెల్లజొన్నల సంగతి, ముప్పై ఇళ్ల గిద్దెల సంగతి చెప్పింది. కాంతమణి ముఖం తెల్లబోయింది.

"నిజంగా చెప్పమంటావా నూర్‌బీ? బాగా ఆలోచించుకో."

"చెప్పమ్మా. ఇయ్యాల దాచిపెడ్తే, రేపు వీళ్లు ఊర్లకు పోయి తిన్ననాడు నా రొట్టెను ఎవలు నమ్ముతరు?"

కాంతమణి చెప్పింది. మార్కో కలానికి మూత పెట్టాడు. అమీనా మాత్రం బానో వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఆ జొన్నలు ఎందుకు తేలేదు అని అడుగుతోంది," అంది కాంతమణి.

బానో నేల చూస్తూ గొణిగింది. "సుట్టాలు గద. సుట్టాలకు మంచియి పెట్టాలె గద."

ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్లగానే అమీనా పకపకా నవ్వింది. వాళ్లమ్మ ఇంట్లో కూడా అతిథుల జొన్న వేరే కుండలో ఉండేదట. పిల్లలు దానిలో చెయ్యి పెడితే దెబ్బలే. వాళ్ల దేశంలో పిండిని పులియబెట్టి పల్చగా పోస్తారు కాబట్టి, పాతపిండికి జిగట పోతుందని దారిలో కాంతమణి చెప్పేదాకా తనకు తోచలేదని కూడా చెప్పింది. తర్వాత మళ్లీ అడిగింది. "మరి ఇంట్లో మీరేం తింటారు?"

"మేమా? అదే తింటం. తీపి జొన్నే."

మార్కో భుజాలు కొంచెం ఎగరేశాడు. కాంతమణి తర్జుమా చేయనక్కర్లేకపోయింది. కాగితాల మీద కూడా అదే ఉంది మరి.

అప్పుడు నూర్‌బీ పీట మీంచి లేచింది. లోపలికి వెళ్లి మంచం కిందికి వంగింది. బానోకు అర్థమై పరుగెత్తింది.

"ఏయ్! వద్దే! నా సద్దే అది! ఇజ్జత్ పోతది, నీకు దండం పెడ్తనే!"

"ఉండవే అక్కా!"

యాభై ఏళ్ల అక్క, నలభై దాటిన చెల్లెలు చిన్నపిల్లల్లా మూట కోసం గుంజులాడుకుంటూ పంచలోకి వచ్చారు. సందంతా నవ్వింది. నూర్‌బీ మూట విప్పింది. లోపల నాలుగు రొట్టెలు, కొంచెం ఎర్రజీరతో, కాస్త మందంగా, మధ్యలో పచ్చిమిరపకాయ తొక్కు పెట్టి మడిచి ఉన్నాయి. పక్కన ఒక ఉల్లిగడ్డ. ఒక రొట్టె తీసి తెల్లరొట్టె పక్కన పెట్టింది. రెంటి రంగూ ఒకటి కాదని ఎవరికైనా తెలుస్తుంది. తర్వాత దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నాలుగు మడతలు పెట్టి మళ్లీ విప్పింది. ఎక్కడా విరగలేదు.

"ఎప్పుడు చేసినవక్కా?"

"కోడి కూయంగ," అంది బానో ఏడుపు గొంతుతో. "బస్సుల తిననీకి. సగం తిన్న. నా ఎంగిలి మూట సుట్టాల ముందల పెట్టినవ్, నీ చేతులు పడిపోను!"

అమీనా చెయ్యి చాచి ఒక రొట్టె తీసుకుంది. తుంచింది, తొక్కు అద్దుకుంది, నోట్లో పెట్టుకుంది. కాసేపట్లో కళ్లవెంట నీళ్లు కారాయి. మిరపకాయ అలాంటిది. అయినా ఇంకో ముక్క తుంచింది. నములుతూనే మార్కోతో చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటున్నదమ్మా?" అంది నూర్‌బీ.

కాంతమణి గొంతు సవరించుకుంది. "మనకు చూపించడానికి తెచ్చిన తిండి కాదిది, మన కంటపడకుండా దాచుకున్న తిండి, ఇది నమ్మకపోతే ఇంకేం నమ్ముతావు అంటోంది."

మార్కో కూడా ఒక ముక్క తీసుకున్నాడు. రెండూ తిని, ఏది బాగుందో బానోనే చెప్పమన్నాడు.

"తెల్లజొన్నే," అంది బానో తడుముకోకుండా. నూర్‌బీ గబుక్కున అక్క వైపు తిరిగింది. బానో కళ్లు తుడుచుకుని గొంతు పెంచింది. ఇప్పుడు అది సంఘం గొంతు. "అబద్ధం ఎందుకు? కానీ తెల్లజొన్న నల్లరేగళ్లనే పండుతది. అది మాకున్నది జానెడు. చెలకల ఇది పండుతది. కడుపు నింపుతది. కర్ర సుత అమ్ముడువోతే ఇంటికాడ ఉండి బతుకుతం. సారుకు ఒక మాట చెప్పు అమ్మా. రసం తీస్కపోండ్రి, మాకేం తక్లీఫ్ లేదు. పిప్పి మాత్రం ఊరు దాటొద్దు. మా బర్లు ఎదురుచూస్తుంటయి. అది సుత రాస్కొమ్మను."

మార్కో కలం మూత తీశాడు. ఈసారి చాలా రాశాడు. వెళ్లేటప్పుడు అమీనా తానూ ఒక రొట్టె చేస్తానని పీట మీద కూర్చుంది. నాలుగు దెబ్బలకు ముద్ద జారి పొయ్యి పక్కన పడింది. బానో అంతసేపటికి మొదటిసారి నవ్వింది. మార్కో మళ్లీ రేకుకు తల కొట్టుకున్నాడు.

జూన్ మొదటి వానలకు కాంతమణి గొడుగు ముడవకుండానే పంచలోకి దూసుకొచ్చింది. "మిషను వచ్చేసిందమ్మోయ్! మల్లుపల్లికి! రిపోర్టు కూడా వచ్చింది, విను." జొన్నపిండిని ముందుగా ఆడించి నిల్వ చేయరాదు, గింజగానే ఉంచి ఎప్పటికప్పుడు ఆడించుకోవాలి అని ఒక వాక్యం. రసం తీశాక పిప్పి గ్రామంలోని పశువులకే చెందాలి అని ఇంకో వాక్యం. రెండూ తెలుగు చేసి చదివింది.

"గింత రాయనీకి రోమ్ దాంక పోవాల్నా?" అంది నూర్‌బీ. "పర్వతాలును అడిగితే చెప్పకపోయిండా?"

ఆ మాట విన్న పర్వతాలు వారం రోజులు గిర్నిలో అందరికీ చెప్పుకున్నాడు.

సుట్టాలకు సద్ది పెట్టిందని మాత్రం బానో చెల్లెలితో ఆరు నెలల పైనే సరిగ్గా మాట్లాడలేదు. ఊళ్లో ముప్పై మందీ ఆమెను ఆటపట్టించారట. దసరా తర్వాత మిషన్ తిరిగింది. ఊరంతా పాకం వాసన వేసిందని, ఈగలు సంఘం మెంబర్లకంటే ఎక్కువ చేరాయని ఫోన్లో చెప్పింది. అప్పటికి కోపం కరిగింది.

మరుసటి ఎండాకాలం మల్లుపల్లి ఆడవాళ్లెవరూ యాప్రాల్ రాలేదు. బానో ఒక్కతే వచ్చింది, చుట్టపుచూపుగా, శుభ్రమైన చీర కట్టుకుని. చంకలో గోనె సంచి. భుజాన చిన్న మూట.

నూర్‌బీ సంచి మూతి విప్పింది. తెల్లజొన్నలు. ముత్యాల్లా ఉన్నాయి.

"మల్ల ఇవే తెచ్చినవా?"

"మరి? చెల్లె ఇంటికి పోతూ దినాం తినేది తెస్తనా?"

నూర్‌బీ ఆమె భుజం మీది మూట లాక్కుంది. అక్కడే గుమ్మంలో కూర్చుని ముడి విప్పి, ఎర్రజీర రొట్టె తుంచి తొక్కు అద్దుకుంది.

"ఏయ్, అది నా సద్ది!" అంది బానో.

"తెలుసు," అంది నూర్‌బీ నోటినిండా.